గింప్ 3.0లో తెలుగు టైటిళ్లు: అవుట్‌లైన్ దగ్గరే తేలిపోతుంది

తెలుగు అక్షరానికి హంగులు దిద్దడం అంత తేలిక కాదు. పైన తలకట్టు, గుడి, కింద వత్తులు, వీటి మధ్య సన్నటి ఖాళీలు. ఆ ఖాళీలు పూడుకుపోతే ఎంత మెరిపించినా పదం చదవలేం. కథల వీడియోలకు టైటిళ్లు చేస్తుంటాను కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా ముందు ‘జ్యోత్స్న’ అని టైపు చేసి చూస్తాను. బొమ్మల ఎడిటింగ్‌కి ఉచితంగా దొరికే గింప్‌లో వత్తులన్నీ వాటి చోట్లలో చక్కగా కూర్చున్నాయి.

2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌ని నేను మెచ్చుకునేది ముఖ్యంగా ఒక్క విషయానికి. ఫిల్టర్ (నీడ, అంచు లాంటి హంగు) వేశాక కూడా టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటుంది. పాత 2.10 వెర్షన్‌లో నీడ వేశాక అక్షరం మార్చాలంటే ఆ నీడని వదులుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు లేయర్ (బొమ్మలో ఒక పొర) పక్కన ఎఫ్ఎక్స్ (fx) గుర్తు నొక్కితే వేసినవన్నీ వరసగా కనిపిస్తాయి, ఎప్పుడైనా సవరించుకోవచ్చు. చివరి నిమిషంలో టైటిల్ మార్చమన్నా టెన్షన్ లేదు. పదం మారుస్తే హంగులన్నీ దాంతోపాటే మారతాయి.

టెక్స్ట్ టూల్‌లోనే అవుట్‌లైన్ (అక్షరం చుట్టూ అంచు గీత) ఆప్షన్ కొత్తగా ఇచ్చారు. ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది. తెలుగులో మాత్రం తలకట్టూ అక్షరమూ ఒకదాని మీద ఒకటి ఎక్కే ఫాంట్లలో ఆ అతుకు మీద కూడా గీత పడుతుంది. అందుకని నేను అవుట్‌లైన్‌కి నీడ వేసే ఫిల్టర్ డ్రాప్ షాడోనే వాడతాను. నీడని పక్కకి, కిందికి జరిపే ఎక్స్, వై రెండూ సున్నా, బ్లర్ సున్నా, ఒపాసిటీ 1, గ్రో షేప్ సర్కిల్. ఆ తర్వాత నీడ మందాన్ని పెంచే గ్రో రేడియస్ మెల్లగా పెంచుతూ పోవాలి. అక్షరం మొత్తాన్ని ఒకే ఆకారంగా తీసుకుని బయటివైపు మాత్రమే అంచు కడుతుంది, లోపల అతుకులు కనపడవు. రామభద్ర లాంటి లావు ఫాంట్‌కి, 1280×720 సైజులో, 6 నుంచి 8 దాకా అందంగా ఉంటుంది. ఇంకా పెంచితే త కింద స వత్తు ముద్దయిపోతుంది. దాని మీద రెండో డ్రాప్ షాడో కాస్త బ్లర్‌తో వేస్తే అంచుకి కూడా కలిపి నీడ పడుతుంది. రెండు లైన్ల టైటిలైతే లైన్ స్పేసింగ్ పెంచడం మర్చిపోకండి. లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో చిక్కుకుంటాయి.

అక్షరాన్ని ఉబ్బెత్తుగా చూపించే బెవెల్ కూడా ఉంది. నా మట్టుకు తెలుగుకి దాన్ని చాలా తక్కువ వాడాలి. సన్నటి మలుపుల్లో వెలుగునీడలు పడితే అక్షరం నలిగినట్టు కనిపిస్తుంది.

లోటు లేకపోలేదు. నచ్చిన ఎఫెక్టుల వరసకి ఒక పేరు పెట్టి దాచుకుని, ఇంకో లేయర్ మీద ఒక్క క్లిక్కుతో వేసుకునే వీలు 3.0లో లేదు. లేయర్‌ని డూప్లికేట్ చేసి పదం మార్చుకోవడమే దారి. వంపు తిరిగిన టైటిళ్లు అయితే ఇంకా కష్టం. అక్షరాలని వంపు గీత వెంట నడిపించే టెక్స్ట్ అలాంగ్ పాత్ పెట్టగానే అక్షరాలు వట్టి గీతలైపోతాయి, ఒక్క దీర్ఘం మార్చాలన్నా మొదటి నుంచి చేయాలి. వంపు టైటిళ్లే మీ ప్రధాన పనైతే ఇంక్‌స్కేప్ అనే ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసి ఇక్కడికి తెచ్చుకోండి. వంపు లేని టైటిళ్లకి మాత్రం నేను ఇంకోటి వెతకడం లేదు.