ఉగాండా పల్లెకు పంపిన విజయవాడ సంస్థ: ఐదుకు రెండున్నర

గుంటూరు జిల్లాలో 30 ఏళ్ళు చేతిపంపుల మరమ్మతులు చూసి పదవీ విరమణ చేసిన నేను, ఆఫ్రికాకు స్వచ్ఛంద సేవకులను పంపే విజయవాడ సంస్థ ఒకదాని ద్వారా ఉత్తర ఉగాండాలో గులు పట్టణానికి దూరంగా ఉన్న ఒక పల్లెలో నాలుగు వారాలు ఉండి వచ్చాను. విమాన టికెట్టు కాక వారు తీసుకున్నది 1,40,000 రూపాయలు.

ప్రయాణ ఏర్పాట్లకు వంక పెట్టలేను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలని, ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగి వస్తే మన దగ్గరే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చని ముందుగానే హెచ్చరించి, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పంపారు. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్‌ను ఇంటికి వచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలని డాక్టరు చేత చెప్పించారు. ఉగాండా విమానాశ్రయం ఎంటెబేలో దిగేసరికి కారు సిద్ధంగా ఉంది.

చిక్కంతా పని దగ్గర వచ్చింది. దరఖాస్తులో నా వృత్తి స్పష్టంగా రాసినా, నన్ను బడిలో ఇంగ్లీషు చెప్పమన్నారు. అక్కడి మాస్టారికి నాకంటే మంచి ఇంగ్లీషు వచ్చు, పైగా పిల్లలు తడబడినప్పుడు వాళ్ళ భాష అకోలీలో విడమరచి చెప్పగలరు. అతిథినన్న మర్యాదతో ఆయన తన తరగతి నాకు వదిలి వెనుక బల్ల మీద కూర్చుంటే, నాకు ముళ్ళ మీద నిలబడ్డట్టు ఉండేది.

మూడో రోజు బడి వెనుక పంపు చూశాను. అక్కడ యూ2 అంటారు గానీ, అది మన ఇండియా మార్క్-2 నమూనానే, మన ఊళ్ళలో బోరింగు అని పిలిచేదే. ఒక పిల్ల నలభై సార్లు కొడితే గానీ నీళ్ళు రాలేదు. సిలిండరులోని వాషర్లు అరిగితే అంతే, పైకి లాగిన నీరు మళ్ళీ కిందికి జారిపోతుంది. ఈ రకం పంపులో రూపాయి పాటి వాషరు మార్చాలన్నా లోపలి ఇనుప గొట్టాలన్నీ పైకి తీయక తప్పదు. సైకిలు మీద వచ్చిన స్థానిక మెకానిక్కుకు తెలుగు రాదు, నాకు అకోలీ రాదు. అయినా అతను క్లాంపు బిగించిన తీరు చూడగానే పని తెలిసినవాడని అర్థమైంది. మూడేసి మీటర్ల గొట్టాలు ఎనిమిది తీశాం, రెండు తుప్పుకు చిల్లులు పడి ఉన్నాయి. అతనికి కావలసింది నా సలహా కాదు, ఆ రెండు గొట్టాలు. ఇంటింటా చందా పోగుచేసే ఊరి నీటి కమిటీ దగ్గర అప్పటికి వాటికి సరిపడా డబ్బు లేదు. గొట్టాల ఖర్చు నేనే పెట్టుకున్నాను. నేను సంస్థకు కట్టిన రుసుములో అదొక మూలకు రాదు.

బస, భోజనాల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఎక్కువ రోజులు మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుడు గింజలు. అయితే ఒక రాత్రి ఇంటావిడ మలక్వాంగ్ వడ్డించారు. అది మన గోంగూరకు దగ్గరి చుట్టమైన పుల్లని ఆకును వేరుశనగ ముద్దతో కలిపి వండే కూర. రెండు ఎండుమిరపకాయలు పడి ఉంటే గుంటూరులోనే ఉన్నాననుకునేవాణ్ణి. "మా ఊళ్ళోనూ ఇదే ఆకు" అని మాస్టారి చేత చెప్పిస్తే, ఆవిడ నమ్మలేదు.

తిరిగి వచ్చాక సంస్థ కార్యాలయానికి వెళ్ళి, నేను కట్టిన 1,40,000లో ఆ పల్లెకు చేరింది ఎంత అని అడిగాను. "నిర్వహణ ఖర్చులు ఉంటాయి కదండీ" అని మేనేజరు గారు కాఫీ తెప్పించారు. లెక్క కాగితం మీద కావాలని రాసిచ్చి వచ్చి మూడు నెలలైంది, ఇంకా రాలేదు. మీరు వెళ్ళదలిస్తే డబ్బు కట్టకముందే రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: మీ చేత చేయించబోయే పని ఏమిటి, మీ రుసుములో ఊరి వాటా ఎంత. ప్రయాణం, బస బాగా చూసినందుకే ఆ రెండున్నర. లెక్క వస్తే మరో అర కలుపుతాను.