పెద్ద కారుతో ఇంగ్లిష్ ఛానల్ దాటాలంటే: రైలా, ఫెర్రీనా?

ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలే వైపు కార్లను మోసుకెళ్లే షటిల్ రైలు అనగానే చాలామందికి సముద్రం కింద సొరంగం కంటే ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఇంత వెడల్పు బండి ఆ రైలు పెట్టెలో పడుతుందా, పక్కలు గీసుకుంటాయా అని. ఏడు సీట్ల బండి, నెత్తిన సామాన్ల రూఫ్ బాక్స్, వెనక పిల్లలు ఉంటే ఆ టెన్షన్ సహజం. దాంతో డోవర్ రేవుకు వెళ్లి, కార్లను మోసే ఓడ, అదే ఫెర్రీ, ఎక్కేద్దాం అనుకుంటారు. బండి నడపడం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మాత్రం నా ఓటు రైలుకే.

రైల్లో అసలు కష్టం ఎక్కే చోటే. ప్లాట్‌ఫారం మీంచి పెట్టెలోకి పక్క నుంచి తిరగాలి. పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు మలుపు లోపలి వైపుకు జరుగుతాయి. ముందు భాగం దాటింది కదా అని తొందరపడి స్టీరింగ్ తిప్పితే వెనక పక్క రాసుకుంటుంది. కాస్త ముందుకు పోనిచ్చి, ఆలస్యంగా, నడక వేగంతో తిప్పాలి. ఆ మలుపు అయిపోతే ఇక తిన్నగా పోవడమే. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి సాగి, సిబ్బంది చెప్పిన చోట ముందు కారు వెనక ఆగుతారు. అవతల రివర్స్ చేసే పని కూడా లేదు, ముందుకే దిగిపోతారు.

లోపల రెండు వైపులా తక్కువ ఎత్తు గట్టు ఉంటుంది. బండి పక్కకు జరిగితే ముందు దానికి తగిలేది టైరూ చక్రమే. ఆ గట్టును చూస్తూ నడిపితే బండి అటే లాగుతుంది. దూరంగా ముందున్న కారును చూడండి. పార్కింగ్ సెన్సార్లు ఆగకుండా కూస్తుంటాయి కాబట్టి వాటిని ఎక్కే ముందే ఆపేస్తే సగం కంగారు తగ్గుతుంది.

రైల్లోనే రెండు రకాల పెట్టెలున్నాయి. 1.85 మీటర్ల లోపు ఎత్తున్న కార్లు రెండంతస్తుల పెట్టెల్లోకి వెళ్తాయి, అంతకు మించితే ఒకే అంతస్తు పెట్టెలోకి. వోల్వో ఎక్స్‌సీ90 లాంటి ఏడు సీట్ల బండి మామూలుగా ఆ హద్దు లోపలే ఉంటుంది, రూఫ్ బాక్స్ పెడితే దాటిపోతుంది. బుక్ చేసేటప్పుడు ఎత్తు టేపుతో కొలిచి, బాక్స్‌తో కలిపి చెప్పండి. రెండంతస్తుల దాంట్లో పై అంతస్తుకు పంపితే లోపల ర్యాంపు ఎక్కాలి. ఒకే అంతస్తు దాంట్లో ఆ బాధ లేదు. భయపడే డ్రైవరుకు ఇది మేలు.

ఫెర్రీ విషయానికొస్తే, ద్వారం విశాలంగా ఉంటుంది, మలుపు తేలిక. కానీ లోపలికి వెళ్లాక కార్లను పక్కపక్కనే ఇరికిస్తారు. రైల్లో మీ పక్కన మరో కారు ఉండదు. ఓడలో మాత్రం అపరిచితుల బండి మీ అద్దానికి జానెడు దూరంలో ఉండొచ్చు. తలుపు పూర్తిగా తెరవలేక, పిల్లల్ని ఒకవైపు నుంచే దించి మెట్లెక్కించాలి. ప్రయాణమంతా కారు దగ్గర ఉండనివ్వరు. ఇదంతా సుమారు 90 నిమిషాలు. షటిల్‌లో 35 నిమిషాలే, అది కూడా కారులో కూర్చునే, కిటికీలు కాస్త దించి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి.

మూసి ఉన్న చోట ఊపిరాడనట్టు ఉంటుందంటే ఫెర్రీయే పట్టండి, ఆ భయం ముందు గట్టు లెక్క చిన్నది. ఎల్పీజీతో నడిచే కారైతే షటిల్ ఎక్కనివ్వరు కాబట్టి ఆలోచించే పనే లేదు. అమెరికాలో వర్జీనియాలోని లోర్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ వెళ్లే ఆటో ట్రైన్‌లో సిబ్బందే కారు ఎక్కిస్తారు, మీరు వేరే పెట్టెలో కూర్చుంటారు. ఛానల్ దగ్గర ఆ సౌకర్యం లేదు, స్టీరింగ్ మీ చేతిలోనే. ఇంట్లో ఇద్దరికి లైసెన్సు ఉంటే, ఆ బండికి బాగా అలవాటుపడ్డవాళ్లే ఎక్కేటప్పుడు నడపాలి. రెండోవాళ్లు పక్క సీట్లోంచి ఆ వైపు ఎంత ఖాళీ ఉందో చెబుతుంటే చాలు.