సెస్నా 172ఎస్: ఇంధనం ఎక్కడ ఆదా చేయాలి, ఎక్కడ చేయకూడదు

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన నాటి నుంచి మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పైలట్ శిక్షణ గురించి వాకబు చేసే యువత పెరిగింది. వారిలో చాలామందికి మొదట ఎదురయ్యే విమానాల్లో సెస్నా 172 ఒకటి. 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్ ఉన్న 172ఎస్ రకాన్ని ముందు శిక్షణార్థిగా, తరువాత ఇన్‌స్ట్రక్టర్‌గా ఏళ్ల తరబడి నడిపాను కనుక ఈ సమీక్ష వారి కోసమే రాస్తున్నాను.

విమానం స్వభావం నెమ్మదైనది. వేగం కుదిరాక ట్రిమ్ (ముక్కును కోరిన స్థితిలో నిలిపి ఉంచే సర్దుబాటు) సరిచేస్తే యోక్ (విమానాన్ని నడిపే చేతి చక్రం) మీద వేళ్లు ఆనించి ఉంచితే చాలు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరపడుతుంటే ముందే హారన్ మోగుతుంది. ఇంజన్ ఆగినా 68 నాట్ల వేగం నిలబెట్టుకుంటే ప్రతి 1,000 అడుగుల ఎత్తుకూ దాదాపు మైలున్నర దూరం జారుతూ వెళ్లవచ్చు.

శిక్షణార్థులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఎర్రటి మిక్స్చర్ నాబ్‌ను. దాన్ని వెనక్కి లాగితే ఇంజన్‌లో గాలితో కలిసే పెట్రోలు పాలు తగ్గుతుంది, ముందుకు నెడితే పెరుగుతుంది. టాక్సీ చేసేటప్పుడే, అంటే నేల మీద నడిపేటప్పుడే దానిని బాగా వెనక్కి లాగి ఉంచాలని నేను పట్టుబడతాను. లేకపోతే విమాన పెట్రోలులోని సీసం స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకుంటుంది. లాగడం కూడా అరకొరగా కాకుండా, టేకాఫ్‌కు ముందు తిరిగి నెట్టడం మరచి థ్రాటిల్ తెరిస్తే ఇంజన్ తడబడి మనకు గుర్తుచేసేంతగా ఉండాలి. విమానం పైకి లేస్తున్నప్పుడు మాత్రం పొదుపు ఆలోచన వద్దు, ఎందుకంటే ఆ అదనపు పెట్రోలే సిలిండర్లను చల్లగా ఉంచుతుంది. సమతలంలోకి వచ్చి, శక్తి 75 శాతానికి మించకుండా చూసుకున్నాక, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను గమనిస్తూ మిక్స్చర్‌ను నెమ్మదిగా తగ్గించాలి. 75 శాతం శక్తి వద్ద గంటకు సుమారు 38 లీటర్లు తాగే ఇంజన్ 60 శాతం వద్ద 31 లీటర్లతో సరిపెట్టుకుంటుంది. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో అధికభాగం ఎగిరిన దూరాన్ని కాక సమయాన్ని బట్టి లెక్కకు వచ్చేదే కాబట్టి, దగ్గరలోనే తిరిగే సాధనలో పది నాట్ల వేగం తగ్గినంత మాత్రాన పోయేదేమీ లేదు.

బరువు విషయంలో ఈ విమానం అంత ఉదారమైనది కాదు. సీట్లు నాలుగే అయినా, వాడుకోదగిన 200 లీటర్లూ నింపితే పెట్రోలే 144 కిలోలు తూగుతుంది; గరిష్ఠ బరువు 1,157 కిలోలు దాటకుండా నలుగురు పెద్దవాళ్లను ఎక్కించడం సాధారణంగా కుదరదు. దీనికి ఎండ తోడవుతుంది. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉందనుకుంటే, ఆ పలుచబడిన గాలిలో విమానం సుమారు 3,300 అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది; రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కే వేగం తగ్గుతుంది. మన తీరప్రాంతం వంటి తేమగాలిలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరే అవకాశం ఉంటుంది కనుక, ఇంధన వ్యవస్థ అడుగున ఉండే పదమూడు డ్రైన్‌ల నుంచీ నమూనా తీసి, నీలిరంగు పెట్రోలు అడుగున నీటి బొట్టు ఉందేమో చూడటం విసుగనిపించినా మానకూడదు.

ల్యాండింగ్‌లో ఫ్లాప్‌లను (రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలు) పూర్తిగా దించి 61 నుంచి 65 నాట్ల మధ్య రావాలి. పది నాట్లు ఎక్కువైతే నేలను తాకకుండా తేలుతూ పోతుంది. బలవంతంగా దించితే ముందుచక్రం దెబ్బతింటుంది. అలాంటప్పుడు సంకోచించకుండా గో అరౌండ్ చేయాలి, అంటే దిగడం మాని పూర్తి శక్తితో మళ్లీ పైకి లేవాలి. మరో సర్క్యూట్‌కు, అంటే రన్‌వే చుట్టూ మరో చుట్టుకు అయ్యే కొన్ని లీటర్ల పెట్రోలును ఖర్చుగా లెక్కపెట్టే శిక్షణార్థిని నేను సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) పంపను. ల్యాండింగ్ కోసం పెట్టిన ట్రిమ్‌తోనే పూర్తి శక్తి ఇస్తే ముక్కు బలంగా పైకి లేస్తుంది కాబట్టి, యోక్‌ను ముందుకు నెట్టి పట్టుకుని ఫ్లాప్‌లను వెంటనే 20 డిగ్రీలకు తేవాలి.

లోపాలూ చెప్పాలి. రెక్క పైన ఉండటం వల్ల తిరిగే వైపు ఆకాశం కనపడదు. తిరిగే ముందు ఆ రెక్కను కాస్త ఎత్తి చూడక తప్పదు. ఇంధన గేజీలను మాత్రం నేను ఏనాడూ ఆధారంగా తీసుకోలేదు. ప్రతిసారీ రెక్క ఎత్తుకు ఎక్కి ట్యాంకులో డిప్‌స్టిక్ (కొలత గీతలున్న పుల్ల) ముంచి, ఆ లెక్కనే లాగ్‌లో రాసుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చేస్తాను.