ఊలు ఉండా, రాతి గుండా: చదువుకునే రోజుల్లో ఏది మేలు?

హైదరాబాద్‌లో చదువుకుంటూ ఒకపక్క స్వెటర్లు అల్లే పిచ్చి, ఇంకోపక్క రాతి గుండ్లెక్కే క్లైంబింగ్ పిచ్చి ఉన్నవాళ్లు మరీ అంత అరుదేం కాదు. మా హాస్టల్లోనే ముగ్గురు నలుగురున్నాం. సెమిస్టర్ సగానికొచ్చేసరికి జూనియర్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అక్కా, మూడూ కుదరట్లేదు. అల్లిక మానెయ్యమంటావా, క్లైంబింగ్ మానెయ్యమంటావా?" చదువు మానెయ్యమంటావా అని మాత్రం అడగరు, ఫీజు ఇంట్లోవాళ్లు కడుతున్నారు కాబట్టి.

టైము ఎలాగోలా దొరుకుతుందనేది నా లెక్క. దొరకనివి వేళ్లు. ఉన్న పదింటితోనే ఊలు లాగాలి, రాయి పట్టాలి, ల్యాబ్ రికార్డూ రాయాలి. అందుకే ఏది మేలో తేల్చేటప్పుడు గంటలకంటే ముందు వేళ్లను చూడమంటాను. గంటల సంగతి తొందరగా తేలిపోతుంది గనక ముందు అదే ముగిస్తాను.

క్లైంబింగ్ మీ టైమును పెద్ద నోటుగా అడుగుతుంది, అల్లిక చిల్లరతో సరిపెట్టుకుంటుంది. గుట్ట దాకా పోవడం, ఒళ్లు వేడెక్కించుకోవడం, ఎక్కడం, తిరిగి రావడం అన్నీ కలిపితే ఒక పూట పోయినట్టే. అల్లిక అలా కాదు, మెట్రోలో పావుగంట, మెస్ క్యూలో అయిదు నిమిషాలు దొరికినా ముందుకు సాగుతుంది. అయితే నోటు ఖర్చయితే తెలుస్తుంది, చిల్లర తెలియదు. "ఇంకొక్క వరుస" అనుకుంటూ రాత్రి రెండు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి పెద్దవాళ్ల స్వెటర్ ఒకటి పూర్తి కావడానికి యాభై అరవై గంటలు అవలీలగా పడుతుంది. క్లైంబింగ్‌లో "ఇంకొక్క ట్రై" అన్నా రెండు మూడు సార్లకు చర్మమే చాలంటుంది. అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టేది అల్లికే.

డబ్బు విషయంలో పోటీయే లేదు. ఒక జత సూదులు, రెండు ఊలు ఉండలు కొంటే అల్లిక మొదలైపోతుంది. క్లైంబింగ్‌కి బూట్లకే వేలు కావాలి. పడితే దెబ్బ తగలకుండా కింద పరుచుకునే మందపాటి పరుపు, క్రాష్ ప్యాడ్, సొంతంగా కొనడమంటే విద్యార్థికి కల, నలుగురు కలిసి కొని వాడుకోవడమే దారి. పైగా గుండు దగ్గరికి ఒంటరిగా పోకూడదు. పడితే పట్టుకోవడానికి మనిషి కావాలి, తేనెతుట్టెలున్న వైపేదో తెలిసినవాళ్లు వెంట ఉండాలి, ఎక్కడికి వెళ్తున్నారో హాస్టల్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. అల్లిక ఇవేవీ అడగదు.

ఇక వేళ్లు. వేళ్లను మడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కణ్నుంచి టెండన్లు తాళ్లలా వేలి కొస దాకా వెళ్తాయి. ఆ తాళ్లు ఎముకను వదిలి పైకి లేవకుండా చిన్న చిన్న పట్టీలు బిగించి ఉంచుతాయి. పుల్లీలంటారు వాటిని. సన్నటి అంచు మీద వేళ్లు మడిచి, బొటనవేలు పైన వేసి బిగించే పట్టు ఉందే, క్రింప్ అనేది, దానిలో భారమంతా ఈ పట్టీల మీదే పడుతుంది. క్లైంబర్లకి ఎక్కువగా దెబ్బతినేది వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ, అందులోనూ ఉంగరపు వేలిది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది గానీ టెండన్లకూ పుల్లీలకూ నెలలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు రెండో నెలలో "ఇప్పుడు బలం వచ్చింది" అని సన్నటి పట్ల మీదికి ఎగబడేది సరిగ్గా ఆ తేడా ఉన్నప్పుడే. గట్టిగా ఎక్కాక వేళ్లకి రెండు రోజులు విశ్రాంతినివ్వమని పెద్ద క్లైంబర్లు చెప్పేది ఇందుకే.

అల్లికలో బరువంటూ ఏమీ లేదు. వరుసలో రెండు వందల కుట్లుంటే అదే కదలిక రెండు వందల సార్లు, అంతే. ఇక్కడ నొప్పి పుట్టేది బొటనవేలి మొదట్లో, మణికట్టులో. క్లైంబింగ్ వేళ్లను బరువుతో అలసిపోయేలా చేస్తే, అల్లిక లెక్కలేనన్ని సార్లు తిప్పి అలసిపోయేలా చేస్తుంది. రెండూ ఒకే రోజు చేస్తే, "విశ్రాంతి తీసుకుంటున్నాను" అనుకుంటూ కూర్చుని అల్లిన ఆ సాయంత్రం ముంజేతికి విశ్రాంతి కిందికి రాదు.

దీనికి రుజువు స్వెటర్‌లోనే కనిపిస్తుంది. గట్టిగా ఎక్కొచ్చిన రోజు రాత్రి ముంజేయి ఇంకా బిగుసుకునే ఉంటుంది. సూదిని మామూలుకంటే గట్టిగా పట్టుకుంటాం, కుట్లు బిగువుగా పడతాయి. పది సెంటీమీటర్లకి 22 కుట్లు పడాల్సిన చోట 24 పడ్డాయనుకోండి, వంద సెంటీమీటర్ల చుట్టుకొలతతో రావలసిన స్వెటర్ 92 దగ్గర ఆగిపోతుంది. సోమవారం అల్లిన వరుసలు ఒకలా, ఆదివారం రాత్రి అల్లినవి ఒకలా ఉన్న స్వెటర్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే ఏ రోజు గుట్టకి వెళ్లారో చెప్పెయ్యొచ్చు.

చర్మం సంగతి వేరే. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు, అయినా గరుకు తగ్గలేదు. పొద్దున్నే ఎక్కొచ్చాక వేలికొసల మీద చర్మం పొరలుగా లేచి ఉంటుంది. చెమట పీల్చుకోవడానికి రాసుకునే చాక్, అంటే మెగ్నీషియం కార్బొనేట్, చేతుల్ని మరింత ఎండబెడుతుంది. ఆ వేళ్లతో సన్నటి మెరినో ఊలు పట్టుకుంటే కుట్టు కుట్టుకీ పోగు తగులుకుంటుంది. ముదురు రంగు ఊలైతే తెల్లటి పొడి కూడా అంటుకుంటుంది. చేతులు సబ్బుతో కడిగి, లేచిన అంచుల్ని నెయిల్ ఫైల్‌తో రుద్ది, పడుకునేముందు కొబ్బరినూనె రాసుకుంటే మర్నాటికి ఊలు పట్టుకోవచ్చు. ఎక్కే రోజు పొద్దున్న మాత్రం నూనె జోలికి పోవద్దు.

అల్లిక వేళ్లకి మంచి వ్యాయామమనే మాట క్లైంబర్ల విషయంలో నేను ఒప్పుకోను. రెండింటిలోనూ వేళ్లు మడిచే వైపే పని. చాచే కండరాలకి ఎవరూ పని చెప్పరు. అయిదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి మెల్లగా విప్పడం, మూయడం చేస్తే అల్లికకంటే నయం. అది క్లాసులో బెంచీ కింద కూడా చెయ్యొచ్చు.

క్లాసు మాటొచ్చింది కాబట్టి: చదువుతో పాటు చెయ్యగలిగేది అల్లిక ఒక్కటే. రికార్డు చేసిన లెక్చర్ వింటూ నిట్, పర్ల్ అనే రెండు సాదా కుట్ల వరుసలు అల్లుకుంటూ పోవచ్చు. చేతులకి పని ఉంటే ఫోను పట్టుకోవు, అదే పెద్ద లాభం. గళ్ల పటం చూసి అల్లే లేసు డిజైన్ అయితే ఆ పప్పులుడకవు, అటు కుట్టూ పోతుంది, ఇటు లెక్చరూ పోతుంది. ముఖాముఖి క్లాసులో అయితే ముందే మేడమ్‌ని అడగండి. కొందరు ఏమీ అనరు, కొందరికి అవమానంగా అనిపిస్తుంది. క్లైంబింగ్‌ని దేనితోనూ కలపలేం. రాయి మీద ఉన్నప్పుడు ఇంటర్నల్స్ మార్కులు గుర్తురావు, దాని గొప్పతనం అదే. చదివి చదివి బుర్ర మొద్దుబారినప్పుడు నేనైతే గుట్టకే ఓటేస్తాను. ఆ రాత్రి పట్టే నిద్ర ఊలు ఇవ్వలేదు.

టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ డైవర్ టామ్ డేలీ గ్యాలరీలో కూర్చుని అల్లుతూ కనిపించడం, తన బంగారు పతకం గీసుకుపోకుండా ఒక సంచీ అల్లుకోవడం అప్పట్లో ప్రపంచమంతా చూసింది. 2021లో జరిగిన ఆ పోటీల్లోనే స్పోర్ట్ క్లైంబింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. డేలీని చూపించి "చూడు, ఆటగాళ్లు కూడా అల్లుతారు" అంటారు. నిజమే. కానీ డైవర్‌కి వేళ్ల కొసల మీద వేలాడే పని లేదు.

మూడు దారులున్నాయి. ఏదో ఒకదాన్ని మానెయ్యడం, వారంలో రోజులు పంచుకోవడం, కాలాన్ని బట్టి మార్చుకోవడం. మానెయ్యడం నాకు నచ్చని దారి, దాని మీద ఎక్కువ రాయను. తప్పనిసరై ఒకటే ఉంచుకోవాలంటే, చదువుకునే ఈ రెండు మూడేళ్లూ క్లైంబింగ్‌ని ఉంచుకోమంటాను. ఊలు యాభయ్యేళ్లప్పుడూ దొరుకుతుంది. పొద్దున్నే లేచి వెంట వచ్చే స్నేహితులు ఉద్యోగాలొచ్చాక దొరకరు. ఆ మాటకొస్తే రాళ్లూ దొరకవు. హైదరాబాద్ గుండ్లు కంకరగానో అపార్ట్‌మెంట్లుగానో మారిపోతుంటే చూడలేకే 1996లో ఇక్కడ సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. ఖాజాగూడ గుట్టల చుట్టూ ఇప్పుడున్న అంతస్తులు చూస్తే తొందరెందుకో మీకే అర్థమవుతుంది.

రోజులు పంచుకోవడం అనేది కాగితం మీద చక్కగా ఉంటుంది. మంగళ, శని క్లైంబింగ్, మిగతా రోజులు అల్లిక, మధ్యలో చదువు. అసైన్‌మెంట్ ఒకటి ముందుకు జరిగితే మొత్తం కూలిపోతుంది, శనివారం పోయింది కదా అని ఆదివారం ఎక్కి, ఆ రాత్రే సూదులు పడతాం. వేళ్లకి మిగలాల్సిన విశ్రాంతి మొదట పోయేది ఇక్కడే. సెమిస్టర్ మొదటి నెలకైతే ఈ పద్ధతి చాలు.

మూడో దారి మన ఊరి వాతావరణమే వేసిపెట్టింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా రాళ్లు తడిసి జారతాయి, చీలికల్లోంచి నీరు ఊరుతుంది. అది అల్లిక కాలం. చలికి వేసుకోవాల్సిన స్వెటర్ ఆగస్టులో మొదలుపెడితేనే డిసెంబరుకి చేతికొస్తుంది. చేతులకి చెమట పట్టి ఊలు సూది మీద జరగకపోతే ఫ్యాను కింద కూర్చోండి, లేదా కాటన్‌కి మారండి. వేళ్ల బలం పోకుండా వారానికోసారి క్లైంబింగ్ జిమ్‌లో గోడెక్కితే సరిపోతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాయి చల్లగా, పొడిగా ఉంటుంది, పట్టు బాగా దొరుకుతుంది. హంపికి దేశదేశాల క్లైంబర్లు దిగేదీ అప్పుడే. చిక్కేమిటంటే, సెమిస్టర్ పరీక్షలు కూడా నవంబరు చివర్లో, డిసెంబర్లోనే వచ్చి కూర్చుంటాయి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, మంచి సీజన్ పోతోందన్న బెంగతో. ఆ మూడు నాలుగు వారాలు గుట్ట మీద కొత్త ప్రాజెక్టు, అంటే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే గానీ లొంగని కష్టమైన దారి, పెట్టుకోవద్దు, అలవాటైన తేలిక దారులు ఎక్కొస్తే చాలు. అల్లికలో కూడా మేజోడు లాంటి సాదా పనే ఉంచుకోవాలి, స్వెటర్ చేతులు కలిపే చోట లెక్క తప్పితే దాని కోసం ఒక రాత్రి పోతుంది. పరీక్షలైపోయాక జనవరి, ఫిబ్రవరి పూర్తిగా రాయికి ఇచ్చెయ్యండి, సూదులు సంచీలో పడుకోనివ్వండి. భువనగిరి దాకా వెళ్లి రావడానికి కూడా అదే అదను. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ కొండ మీదే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున తప్ప రాయి మీద చెయ్యి పెట్టలేం. సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు కాటన్ నూలే గతి.

నన్నడిగితే ఈ మూడో దారే మేలు. దీన్లో వేళ్లకి ఏడాది పొడుగునా ఒకే రకం పని పడదు, చదువు బరువు పెరిగిన నెలల్లో రెండు సరదాలూ వాటంతటవే తగ్గుతాయి.

ఇంకో మాట, దీన్ని మాత్రం జూనియర్లు అడగరు. సూదుల బదులు క్రోషియా అయితే? ఒకే కొక్కెం, ఎప్పుడు చూసినా ఒకటే ఉచ్చు తెరిచి ఉంటుంది. గుట్ట కింద మీ వంతు కోసం కూర్చున్నప్పుడు ఎవరో పిలిచారని అమాంతం లేచినా రెండు వందల కుట్లు జారిపోవు. మన నరసాపురం వైపు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి ఇళ్లలో స్థిరపడిపోయిన లేసు అదే కదా, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలు దారంతో చేస్తారు కాబట్టి మన ఎండలకీ సరిపోతుంది. ఒక లోటుంది, భారమంతా కొక్కెం పట్టిన చేతి మణికట్టు మీదే పడుతుంది. కుడి ఉంగరపు వేలు ఇప్పటికే సలుపుతున్నవాళ్లు దీని జోలికి రాకపోతే మంచిది.

క్రోషియాతో మొదలుపెట్టేవాళ్లు ముందుగా చాక్ సంచీ చేసుకోండి. రెండు మూడు సాయంత్రాల పని, కొన్నదానికంటే చవక, గుట్ట దగ్గర అందరూ ఎక్కడ కొన్నావని అడుగుతారు. లోపల ఫ్లీస్ గుడ్డ వేసి కుట్టడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే చాకంతా కుట్ల సందుల్లోంచి ప్యాంటు మీదికి రాలుతుంది.