రెండు బాణాల శిస్తుకి ఓ రాజ్యం

కాలనీల కాలం నాటి అమెరికా చూడాలంటే అందరూ విలియమ్స్‌బర్గ్ వెళ్లమంటారు. రాజుగారు ఏదో ఒక కుటుంబానికి రాసిచ్చేసిన కాలనీలు చూడాలనుంటే మాత్రం నా ఓటు మేరీలాండ్‌లోని సెయింట్ మేరీస్ సిటీకే.

1632లో ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్ ఈ నేలని రెండో లార్డ్ బాల్టిమోర్ సెసిల్ కల్వర్ట్‌కి జాగీరులా ఇచ్చేశాడు. శిస్తు ఏడాదికి అక్కడి ఆదివాసీల (అమెరికన్ ఇండియన్ల) బాణాలు రెండు, బంగారం వెండి దొరికితే అందులో ఐదో వంతు. అంత నేలకి యజమాని అయిన సెసిల్ ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు. తమ్ముడు లియొనార్డ్‌ని గవర్నరుగా పంపాడు. 1634లో ఆర్క్, డవ్ ఓడల్లో వచ్చినవాళ్లు కట్టిన ఊరు ఇది. 1695లో రాజధాని అనాపోలిస్‌కి మారడంతో ఇక్కడ పొలాలు మిగిలాయి. పైన కొత్త ఊరు లేవలేదు కాబట్టే పాత పునాదులు దక్కాయి. ఇటుక ప్రార్థనా మందిరాన్ని ఆ పునాదుల మీదే మళ్లీ కట్టారు. 1990లో అక్కడ దొరికిన సీసపు శవపేటికల కథ తప్పక వినండి. ఆనాటి దుస్తుల్లో ఉన్న గైడ్లు ఓపిగ్గా చెబుతారు. నడక ఎక్కువ, నీడ తక్కువ.

బస మాత్రం నిరాశే. దగ్గర్లోని ఓ హోటల్లో గదంతా సిగరెట్ వాసన, మార్చమంటే అర్ధరాత్రి దాకా తిప్పారు. తిండికి ఎటు చూసినా పీతలే. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మేలు.

ఫిలడెల్ఫియా వేరే లెక్క. తండ్రికి అప్పటి రాజు నుంచి రావాల్సిన 16,000 పౌండ్ల బాకీ కింద విలియం పెన్‌కి 1681లో పెన్సిల్వేనియా దక్కింది. ఆయన వేయించిన నిలువు అడ్డం వీధుల్లోనే ఇప్పటికీ తిరుగుతాం. కానీ యజమాని జాడ గుర్తుపట్టాలంటే కష్టం. కారు వద్దు, పార్కింగ్‌తో జేబు ఖాళీ. నదీ తీరాన ఉన్న పెన్స్‌బరీ మేనర్ 1930లలో తిరిగి కట్టిన ఇల్లు, తోట బావుంది. అక్కడ బానిసలు పనిచేసిన సంగతి అడిగితే గైడ్ దాచకుండా చెప్పారు. దానికే మార్కులు వేశాను.

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి తెలుగువాళ్లకి అంత దూరం కూడా అక్కర్లేదు. పక్కనే పెర్త్ అంబాయ్‌లో, తూర్పు జెర్సీ కాలనీ యజమానులు 1760లలో గవర్నరు కోసం కట్టించిన ప్రొప్రైటరీ హౌస్ ఉంది. అప్పటి గవర్నరు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు విలియంని 1776లో అరెస్ట్ చేసింది అక్కడే. ఆ యజమానుల బోర్డు 1998 దాకా నడిచిందంటే నమ్ముతారా? రోజూ తెరవరు, వేళలు కనుక్కుని బయల్దేరండి.