మియాపూర్ వైపా, ఎల్.బి.నగర్ వైపా, సైనిక్‌పురి వైపా? హైదరాబాద్ శివార్లలో ఏది మేలు?

సైనిక్‌పురిలో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లను అడిగితే మియాపూర్ వైపున్న కేపీహెచ్‌బీలో ఊపిరాడదంటారు. కేపీహెచ్‌బీ వాళ్లేమో సైనిక్‌పురిలో రాత్రి పది దాటితే మందుల షాపు వెతుక్కోవాలంటారు. ఎల్.బి.నగర్ వైపున్న వనస్థలిపురం వాళ్లు ఈ ఇద్దరినీ చూసి, అంత రేటు పెట్టి ఆ ట్రాఫిక్‌లో ఎందుకుండాలని అడుగుతారు. ముగ్గురి మాటా నిజమే. ఎవరికి వాళ్లు తమ ఆఫీసును, పిల్లల బడిని, సొంతూరిని మనసులో పెట్టుకునే మాట్లాడతారు. కాబట్టి ఇల్లు వెతికేవాళ్లు ముందు తేల్చుకోవాల్సినవి రెండు దిక్కులు: రోజూ పోయే ఆఫీసు ఎటు, పండగకు పోయే ఊరు ఎటు. ఏరియా పేరు ఆ తర్వాతి సంగతి.

ఈ మూడూ ఒకేలా పెరగలేదు. కేపీహెచ్‌బీ అంటే కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ. తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాల వాళ్లకని ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ ఇళ్లు వరసగా ఉండేవి. హైటెక్ సిటీ వచ్చాక ఆ చిన్న ప్లాట్లలోనే నాలుగైదు అంతస్తులు లేచాయి, సందుకో హాస్టల్ వచ్చింది. జనం అక్కడ పట్టనంతగా పెరిగి నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, మియాపూర్ దాకా పాకారు. వనస్థలిపురం ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగులు స్థిరపడిన ఊరు. రిటైరైన టీచర్లు, బ్యాంకు వాళ్లు సొంతిల్లు కట్టుకుని పైపోర్షన్ కిరాయికిస్తారు. పక్కనే హరిణ వనస్థలి జాతీయ పార్కు ఉండటంతో ఆ వైపు ఆకాశం ఇంకా కనిపిస్తుంది. సైనిక్‌పురి మాజీ సైనికుల కాలనీ. దాన్ని ఆనుకునే, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగుల చుట్టూ పెరిగిన ఏ.ఎస్.రావు నగర్ ఉంది. దానికి ఆ పేరు ఈసీఐఎల్ వ్యవస్థాపకుడి పేరు మీదే వచ్చింది. పెద్ద ప్లాట్లు, మామిడి చెట్లు, గేటు ముందు వెడల్పు రోడ్డు ఇక్కడ ఇంకా మిగిలాయి. కూకట్‌పల్లి, ఎల్.బి.నగర్, కాప్రా మూడూ ఒకప్పుడు వేరువేరు మున్సిపాలిటీలు, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఒక్కో చోట రోడ్ల వెడల్పు, డ్రైనేజీ ఒక్కో రకంగా ఉండటానికి అదొక కారణం.

ఆఫీసు హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో ఉంటే మియాపూర్ వైపే దగ్గరని అందరూ అనుకుంటారు. మ్యాపు మీద నిజమే. కాని మెట్రో విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ పోయేది రెడ్ లైన్. హైటెక్ సిటీ, రాయదుర్గం పోవాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, బ్లూ లైన్ ఎక్కి, మళ్లీ పడమటికే రావాలి. వచ్చిన దిక్కుకే తిరిగి పోయినట్టు. కాబట్టి మియాపూర్, నిజాంపేట వాళ్లకు మెట్రో పెద్దగా పనికిరాదు. బస్సో, బండో, క్యాబో తప్పదు. హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. టైమ్ కుదిరితే దీన్ని మించింది లేదు, కాని రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, దిగాక షేర్ ఆటో కావాలి.

తూర్పున నాగోల్ సంగతి వేరు. బ్లూ లైన్ నాగోల్‌లో మొదలై రాయదుర్గం దాకా మారకుండా పోతుంది. మొత్తం 23 స్టేషన్లు, సుమారు గంట ప్రయాణం. మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. గంటసేపు కూర్చుని పోవడానికీ, నలభై నిమిషాలు బండి మీద క్లచ్ పట్టుకుని పోవడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా రెండేళ్ల తర్వాత నడుము చెబుతుంది. ఎల్.బి.నగర్‌కు 2018లో మెట్రో వచ్చింది, అయితే అక్కడ ఎక్కితే అమీర్‌పేటలో మారాలి. వనస్థలిపురం, హయత్‌నగర్ ఆ స్టేషన్ దాటి ఇంకా ముందుకుంటాయి, ఇంటి నుంచి స్టేషన్ దాకా ఆటో ఖర్చు నెలకు ఎంతవుతుందో ముందే లెక్కేసుకోవాలి. రెండో దశలో హయత్‌నగర్‌కు, పటాన్‌చెరుకు పొడిగిస్తామన్న ప్రతిపాదనలున్నాయి. బ్రోకర్ ఆ పేరు చెప్పి గజానికి రేటు పెంచితే ఒప్పుకోవద్దు. పిల్లర్ లేచాక చూద్దామనండి.

సైనిక్‌పురికి మెట్రో లేదు. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి మెట్రో ఉన్న తార్నాకకు ఏడెనిమిది కిలోమీటర్లుంటుంది. సికింద్రాబాద్ పోవాలన్నా ఆర్మీ ప్రాంతాల మీదుగా పోయే రోడ్లున్నాయి, వాటి మీద రాకపోకలకు మిలిటరీ ఆంక్షలు అప్పుడప్పుడూ గొడవగా మారుతుంటాయి. ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు ఆ రోడ్డు మూసినప్పుడు ఏ దారిన పోవాలో ఆ దారిన ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లి చూసుకోవాలి. హైటెక్ సిటీలో రోజూ ఆఫీసుకు పోవాల్సిన మనిషికి సైనిక్‌పురి వద్దు అనే చెబుతాం. సికింద్రాబాద్, మౌలాలి, చర్లపల్లి వైపు పనిచేసేవాళ్లకు, రిటైరైనవాళ్లకు మాత్రం ఇంతకన్నా హాయైన చోటు చూపించడం కష్టం. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ తెరిచాక దూరప్రయాణాల రైళ్లు కొన్ని ఇంటి పక్కకే వచ్చాయి.

ఇక ఊరి దిక్కు. సంక్రాంతికి విజయవాడ రోడ్డు ఎక్కేవాళ్లకు ఎల్.బి.నగర్ గేటు లాంటిది. మియాపూర్‌లో రాత్రి తొమ్మిదికి బయల్దేరిన ప్రైవేటు బస్సు కూకట్‌పల్లిలో, అమీర్‌పేటలో, లక్డీకాపూల్‌లో ఆగి ఎల్.బి.నగర్ చేరేసరికి పదకొండవుతుంది. వనస్థలిపురం మనిషి ఆ రెండు గంటలూ ఇంట్లో అన్నం తిని కూర్చోవచ్చు. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా వాళ్లు ఈ వైపు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. వరంగల్ వాళ్లకు ఉప్పల్, బోడుప్పల్ దగ్గర; సంగారెడ్డి వాళ్లకు మియాపూర్; మెదక్, నిజామాబాద్ వాళ్లకు కొంపల్లి, మేడ్చల్. ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అర్ధరాత్రి ఫోన్ వస్తే సిటీ దాటడానికే గంటన్నర పట్టడమా, పది నిమిషాల్లో హైవే ఎక్కడమా అన్నది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది నీళ్ల దగ్గర. తూర్పు శివార్లకు కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ మీదుగా వస్తాయి. పడమటికి మొదటి నుంచీ మంజీరా, సింగూరు దిక్కు. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వచ్చాక ఉత్తరం, పడమర వైపు కాలనీలు కొంత కుదుటపడ్డాయి. అయినా నల్లా చాలా చోట్ల రోజు విడిచి రోజే వస్తుంది. లెక్క ఇలా వేసుకోండి: మనిషికి రోజుకు 135 లీటర్లు, నలుగురుంటే 540. పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు రెండు రోజులకు 10,800 లీటర్లు కావాలి. అంటే సంపు పదకొండు, పన్నెండు వేల లీటర్లకు తక్కువుండకూడదు. అంతకన్నా చిన్నదైతే నల్లా బాగా వచ్చినా పట్టుకునే చోటుండదు, మిగతాది 5,000 లీటర్ల ట్యాంకర్లే నింపాలి. నిజాంపేట, బాచుపల్లి కొత్త అపార్ట్‌మెంట్లలో ఏప్రిల్, మే వచ్చేసరికి మెయింటెనెన్స్ ఎగబాకేది ఇందుకే. బోర్లు దగ్గరదగ్గరగా వేశారు, కింద రాయి, పైన కాంక్రీటు, వాన నీళ్లు దిగే చోటు లేదు.

2021 జనవరిలో మొదలైన ఉచిత నీళ్ల పథకం కింద ఇంటికి నెలకు 20,000 లీటర్లు. పై లెక్క ప్రకారం నలుగురికి నెలకు 16,200 సరిపోతాయి, కాబట్టి మీటరు ఉండి, ఆధార్ లింకు అయిన ఫ్లాటుకు బిల్లు రాకూడదు. అప్పట్లో అది జీహెచ్‌ఎంసీ పరిధికే. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ 2019 నుంచి 2025 దాకా వేరే కార్పొరేషన్‌లో ఉన్నాయి. అందుకని ఫ్లాటు చూసేటప్పుడు నల్లా బిల్లు, ట్యాంకర్ బిల్లు రెండూ అడగాలి. మే నెల బిల్లే చూపించమనాలి, డిసెంబరుది కాదు.

వాసన గురించి బ్రోకర్లెవరూ చెప్పరు. బాచుపల్లి, ప్రగతినగర్, మియాపూర్ వైపు కొన్ని రాత్రులు ఫ్యాక్టరీల రసాయనాల ఘాటు వస్తుంది. చలికాలంలో గాలి కదలదు కాబట్టి ఇంకా ఎక్కువ. ఈసీఐఎల్, దమ్మాయిగూడ, కాప్రా వైపు వాన పడ్డాక జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన. నాగోల్‌లో మూసీ, సరూర్‌నగర్‌లో చెరువు. మూడింట్లోనూ ఏదో ఒకటి ఉంది, కాని అదే కాలనీలో నాలుగు వీధులు ఇటు వస్తే ఉండకపోవచ్చు. పగలు పదకొండింటికి చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. రాత్రి పదిన్నర తర్వాత వెళ్లి, బాల్కనీ తలుపు తీసి, పావుగంట నిలబడండి.

కొనేవాళ్లకు కాగితాల గొడవ ఒక్కో వైపు ఒక్కోలా ఉంటుంది. ఎల్.బి.నగర్ దగ్గరి బి.ఎన్.రెడ్డి నగర్ వైపు కొన్ని కాలనీలు నిషేధిత జాబితాలో పడి ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగాయి. 2022లో జీవో 118తో గజానికి రూ.250 కట్టించుకుని క్రమబద్ధీకరించారు. అక్కడ కొంటుంటే అలా క్రమబద్ధీకరించి ప్రభుత్వం రాసిచ్చిన కన్వేయన్స్ డీడ్ ఉందో లేదో చూడాలి. పడమట చెరువుల సమస్య. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అందులో ఇల్లు కట్టకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీత ఎవరూ మర్చిపోలేరు. సైనిక్‌పురి పరిసరాల్లో మిలిటరీ స్థలాల పక్కన ఎత్తు మీద ఆంక్షలుంటాయి, పై అంతస్తుకు అనుమతి ఉందా అని ప్లాను చూడాలి.

ఇద్దరూ ఐటీ ఉద్యోగులై, పిల్లలు చిన్నవాళ్లైతే మియాపూర్, కేపీహెచ్‌బీలో కిరాయికుండటం మంచిది. బళ్లు, ఆస్పత్రులు, అర్ధరాత్రి ఇడ్లీ అన్నీ దగ్గర. కొనాలంటే మాత్రం మా ఓటు నాగోల్ మెట్రోకు రెండు కిలోమీటర్లలోపున్న కాలనీలకే, రేటూ తక్కువ, ప్రయాణమూ సుఖం. అయితే ఒక్క షరతు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్, నాగోల్ వైపు కాలనీలెన్నో మునిగాయి. నిజాంపేట భండారీ లేఅవుట్ 2016లోనే మునిగింది. సెల్లార్‌లోకి దిగి, మీటర్ల బోర్డు వెనక గోడ చూడండి. ముందు గోడకు రంగు వేస్తారు గాని అక్కడికి బ్రష్ పోదు. అడుగు ఎత్తులో గోధుమరంగు గీత అడ్డంగా సాగి ఉంటే, వాచ్‌మన్‌ను పిలిచి ఆ నీళ్లు దిగడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి.