పిల్లల బిడియం: ఆగి చూడాలా, సైకాలజిస్టుకు చూపించాలా?

చుట్టాలొస్తే తలుపు చాటుకు పోయే పిల్లను చూసి కొందరు "అదే పోతుందిలే" అంటారు. కొందరు వెంటనే సైకాలజిస్టు నంబరు అడుగుతారు.

ఖర్చు: ఆగితే ఏమీ లేదు. చూపిస్తే ప్రతి సిట్టింగుకూ ఫీజు. ముందుగా మాట్లాడి చూడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

శ్రమ: రెండింటిలోనూ తల్లిదండ్రులదే. థెరపీ అంటే చాలావరకు భయపడే పనిని మెట్లుమెట్లుగా చేయించడమే. మొదట పక్కింటి పిల్లతో ఒక మాట, తర్వాత కొట్లో తనే చాక్లెట్ అడగడం.

రిస్కు: తొందరపడితే స్వభావానికి జబ్బు పేరు అంటుకుంటుంది. ఆలస్యమైతే చదువు, స్నేహాలు దెబ్బతింటాయి. నా లెక్కలో రెండోదే పెద్దది. "మా అమ్మాయి నోరే ఎత్తదు, ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకునే చోట భయం ఎవరి కంటా పడదు.

ఎవరికి ఏది: కాసేపటికి కలిసిపోతూ, తోటి పిల్లలతో ఆడుకుంటుంటే ఆగండి. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5 ప్రకారం సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో పడే మితిమీరిన భయం) అనాలంటే భయం తోటి పిల్లల దగ్గరా ఉండాలి, సాధారణంగా 6 నెలలైనా సాగాలి, పిల్లను బాగా బాధపెట్టాలి లేదా రోజువారీ జీవితానికి అడ్డుపడాలి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాత్రం నెల దాటినా నోరు విప్పకపోతే (చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు) ఇక ఆగొద్దు, చూపించండి.